ఫైట్ సరే, ఫైట్‌కి ముందు ఏం జరిగింది?

ఓ ఫోన్ కెమెరా, ఓ ఫ్రీ ఎడిటింగ్ యాప్, నలుగురు ఫ్రెండ్స్ ఉంటే చాలు, మా తిరువూరులో కూడా షార్ట్ ఫిల్మ్ రెడీ. యాక్షన్ అంటే మరీ మోజు. చూడమని నాకు వచ్చేవాటిలో చాలావరకు ఒకటే వరస. మొదటి నిమిషంలో హీరో స్లో మోషన్‌లో నడుస్తాడు, రెండో నిమిషంలో కొట్టడం మొదలుపెడతాడు, ఇక ఆపడు. తర్వాత 'ఎలా ఉంది బ్రో?' అని మెసేజ్. 'మాస్' అనో 'వేస్ట్' అనో చెప్పేయడం తేలికే. కానీ ఎడిటింగ్, యానిమేషన్, గేమింగ్, కంటెంట్ రంగాల్లో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఆ ఒక్క మాట చాలదు. ఏది ఎందుకు పండిందో, ఎక్కడ తేలిపోయిందో చెప్పగలగాలి.

ఆ ప్రాక్టీస్‌కి నేను చెప్పే సినిమా 'ది పనిషర్: డర్టీ లాండ్రీ'. నిడివి దాదాపు 10 నిమిషాలు. 2012లో శాన్ డియాగో కామిక్ కాన్‌లో చూపించారు, యూట్యూబ్‌లోకీ వచ్చింది. పనిషర్ 1974లో స్పైడర్‌మ్యాన్ కామిక్స్‌లో పుట్టిన పాత్ర. చట్టాన్ని పక్కనపెట్టి తానే శిక్షలు వేస్తాడు. 'ఠాగూర్', 'అపరిచితుడు' చూసిన మనకు ఇలాంటి హీరో కొత్తేం కాదు. 2004 సినిమాలో ఆ వేషం వేసిన థామస్ జేన్, ఈసారి అభిమానుల కోసం మళ్లీ వేశాడు. దర్శకుడు ఫిల్ జొవానో, నిర్మాత ఆది శంకర్.

కథ చిన్నది. ఒకడు మాసిన బట్టల సంచితో వ్యాన్ దిగి లాండ్రీకి వెళ్తాడు. బయట రౌడీలు ఓ మహిళను హింసిస్తుంటారు, ఓ పిల్లాడిని బెదిరిస్తుంటారు. చూస్తాడు, పట్టించుకోడు. బట్టలు మెషిన్‌లో వేసి, దగ్గర్లోని కొట్టుకి వెళ్తాడు. అక్కడ చక్రాల కుర్చీలో ఉన్న యజమాని, ఒకప్పుడు తాను అడ్డుపడితే ఏమైందో చెబుతాడు. ఆ తర్వాతే కొట్లాట.

నా మార్కులు ఎక్కువగా పడేది ఆ ఆగిన సమయానికే. జేన్‌కు డైలాగులు దాదాపు లేవు. 'మళ్లీ ఇందులో తలదూర్చాలా' అన్న అలసట ముఖంలోనే కనిపిస్తుంది. యజమానిగా రాన్ పెర్ల్‌మన్ కుర్చీలోంచి కదలకుండా, గొంతుతోనే ఓ గతం నిలబెట్టాడు. ఈ ఇద్దరి నటన వల్లే తర్వాత పడే ప్రతి దెబ్బకీ బరువు వచ్చింది. యాక్షన్ కూడా పొదుపే. హీరో చేతిలో తుపాకీ ఉండదు, విస్కీ సీసానే ఆయుధం. ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి తగిలిందో మనకు తెలుస్తూనే ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. ఆ మహిళకు ఓ మనిషిగా కథ లేదు. ఆమె బాధ హీరోకి కోపం తెప్పించడానికే పనికొచ్చింది. చివర్లో శిక్షను ఆమె చేతికి అప్పగించినా ఆ లోటు తీరదు. హింస మోతాదు కూడా ఎక్కువే, చిన్నపిల్లలతో కూర్చుని చూసేది కాదు. పైగా, పది నిమిషాల్లో మనచేత 'కొట్టు, ఇంకా కొట్టు' అనిపిస్తుంది. అలా అనిపించేలా మనల్ని ఎలా తిప్పారో గమనించడం కూడా రివ్యూలో భాగమే.

అందుకే ఇలా చేసి చూడండి. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండ్ ఆపేసి చూడండి, ముఖాలు ఏం చెబుతున్నాయో తెలుస్తుంది. మూడోసారి ఫైట్ మాత్రమే చూసి, ముందు సీన్లు లేకపోతే అది ఎంత తేలిపోతుందో రాయండి. మూడు కలిపి 200 మాటలు చాలు. అది మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోదగ్గ రాత.

షార్ట్ ఫిల్మ్‌లు తీస్తూ వచ్చిన సుజీత్, 2014లో 'రన్ రాజా రన్'తో దర్శకుడయ్యాడు. ఆ తర్వాత 'సాహో', 'ఓజీ' తీశాడు. దారి ఉంది కానీ అందరికీ అంత దూరం రాకపోవచ్చు. ఎడిటర్‌గా మొదటి జీతం అందుకోవడమూ చిన్న విషయం కాదు. మీ డెమో రీల్‌లో వచ్చిన ఎఫెక్టులన్నీ కుక్కకండి. ఎక్కడ ఆపాలో తెలిసినవాడని చూపించే ఒక్క సీన్ పెట్టండి. పని ఇచ్చేవాళ్లు వెతికేది ఆ తెలివినే.