‘నాకు తెలీదు సార్’ అంటే చాలదు

చార్మినార్ పక్కన పత్తర్‌గట్టీలో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో మీరు అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేరారనుకోండి. సరుకొచ్చింది, బిల్లొచ్చింది, బ్యాంకు ద్వారా డబ్బు వెళ్లింది. కొన్నాళ్లకు జీఎస్టీ నోటీసు: ‘మీకు అమ్మినవాడు పన్ను కట్టలేదు. ఆ అడ్రస్‌లోనే లేడు. మీరు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తిరిగి కట్టండి.’ సేఠ్ మీ వైపు చూస్తాడు. అప్పుడేం చూపిస్తారు?

అమ్మినవాడి మోసం కొన్నవాడికి తెలుసా, తెలియదా? పెనాల్టీ దీని మీదే ఆధారపడుతుంది. కావాలని చేసిన మోసమని తేలితే పన్నుకు సమానంగా పడుతుంది. లేకపోతే మామూలుగా 10 శాతం. కానీ మనసులోది ఎవరికీ కనిపించదు కదా, కాగితాలే మాట్లాడాలి.

2006లో కిట్టెల్ కేసులో యూరప్ న్యాయస్థానం ఒక గీత గీసింది. కొన్నవాడికి మోసం తెలిసినా, తెలిసి ఉండాల్సిందే అనిపించినా క్రెడిట్ పోతుంది. అయితే బ్రిటన్‌లో దాన్ని నిరూపించాల్సింది పన్ను శాఖే. మన దగ్గర బరువు వ్యాపారి మీదుంది. జీఎస్టీ చట్టం సెక్షన్ 155 ప్రకారం క్రెడిట్‌కు అర్హుడినని అడిగినవాడే రుజువు చేసుకోవాలి. కర్ణాటక వ్యాట్ కింద వచ్చిన ఈకామ్ గిల్ కాఫీ కేసులో 2023 మార్చిలో సుప్రీంకోర్టు కూడా బిల్లు, చెక్కు పేమెంటు చాలవంది. సరుకు నిజంగా చేతులు మారిందని చూపాలి: బండి నంబరు, కిరాయి చెల్లింపు, డెలివరీ రసీదు.

నా అభిప్రాయంలో ఇది చిన్న వ్యాపారికి మోయలేని బరువు. దొంగ రిజిస్ట్రేషన్ ఇచ్చింది శాఖ, రిటర్నుల డేటా అంతా ఉన్నదీ శాఖ దగ్గరే. నిజాయితీగా కొన్నవాడిని మోసగాడితో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ చట్టం మారేదాకా దుకాణాన్ని కాపాడేది మీరు పెట్టే ఫైలే.

అందుకే ఈ పని నేర్చుకోండి. కొత్త సప్లయర్ జీఎస్టీ నంబరును పోర్టల్‌లో వెతికి, రిజిస్ట్రేషన్ తేదీ, రిటర్నులు వేస్తున్నాడా లేదా చూసి, ఆ రోజే స్క్రీన్‌షాట్ దాచండి. ఈ-వే బిల్లు, లారీ రసీదు బిల్లుకు జతచేయండి. జీఎస్టీఆర్-2బీలో బిల్లు కనిపించిందంటే అవతలివాడు చూపించాడనే, పన్ను కట్టాడని కాదు. ధర మార్కెట్ కన్నా మరీ తక్కువైతే ఎందుకని అడగండి, జవాబు రాసి పెట్టండి.

బీకామ్ వాళ్లకు ట్యాలీతో పాటు ఇది వస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ విషయం. బీటెక్ వాళ్లయితే కొనుగోలు రిజిస్టరును 2బీతో పోల్చే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసి చూపించండి. ‘ఫలానా కోర్సు చేశాను’ అనే లైను కన్నా అది గట్టిది.

చివరిగా ఒక్క మాట. ‘నెలకింత ఇస్తాం, నీ పాన్, ఆధార్ ఇవ్వు, నీ పేరు మీద ఫర్మ్ తెరుద్దాం’ అనేవాళ్లు తగిలితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. రేపు నోటీసు మీ పేరు మీదే వస్తుంది. ఆ రోజు ‘నాకు తెలీదు’ అన్న మాట నిరూపించుకోవాల్సింది మీరే.