నంబరు మనది, ఫోను కంపెనీదా?



టెలికాం కంపెనీలు ఫోన్ల తయారీదారులతో జట్టుకట్టి పోటీ పడితే లాభం కొనేవాళ్లకేనని చాలామంది అంటారు. ధర వరకు అది నిజమే. 2017లో జియో 1,500 రూపాయల డిపాజిట్‌కే 4జీ ఫోను ఇస్తామనగానే ఎయిర్‌టెల్ కార్బన్‌తోనూ, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్ మైక్రోమ్యాక్స్‌తోనూ కలిసి చవక ఫోన్లు తెచ్చాయి. అంతకుముందు ఇంటర్నెట్ ఎరగని ఇళ్లు ఎన్నో దాని మొహం చూశాయి. అది మంచి పనే. నా అభ్యంతరమల్లా ఆ ఫోన్లకు పెట్టిన మెలిక మీద.

ఎయిర్‌టెల్-కార్బన్ ఫోను లెక్క చూడండి. అప్పట్లో ముందు 2,899 రూపాయలు కట్టాల్సి వచ్చేది. నెలకు 169 చొప్పున 36 నెలలు రీఛార్జి చేయిస్తే, రెండు విడతల్లో 1,500 వెనక్కి ఇస్తామన్నారు. ఆ రీఛార్జీలకే 6,084 అయ్యేది. ప్రచారమంతా మాత్రం 1,399కే ఫోను అని! జియోఫోన్‌లోనైతే వేరే కంపెనీ సిమ్ అసలు పనిచేయదు. 2023లో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్‌దీ అదే తీరు.

నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. పొలం దగ్గర సిగ్నల్ అందకపోయినా, ప్యాక్ ధర పెరిగినా పోర్ట్ పెట్టుకోవచ్చు. కానీ ఫోనుకు ఇలా ఒకే కంపెనీ సిమ్ పనిచేసేలా లాక్ ఉంటే, ఆ హక్కు వాడుకోవడానికి కూలిపనికి వెళ్లే మనిషి ఇంకో ఫోను కొనుక్కోవాలి. డబ్బున్నవాళ్లు ఏ సిమ్ అయినా పట్టే ఫోను కొనుక్కుంటారు. లాక్ పడేది పేదవాళ్ల ఫోనుకే. నాకు మింగుడుపడనిది ఇదే.

తక్కువకు ఇచ్చిన కంపెనీ తన సొమ్ము రాబట్టుకోవద్దా అంటారు. నిక్షేపంగా రాబట్టుకోవచ్చు, వాయిదాల ఒప్పందం రాయించుకుని. అందుకు ఫోనును కట్టేయనక్కర్లేదు. అమెరికాలో 2007 నుంచి 2011 దాకా ఐఫోన్ కావాలంటే టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ గుమ్మం తొక్కాల్సిందే. ఆ రోజులు చూశాక కూడా మనం అదే దారి పట్టడమెందుకు? లాక్ వేసిన ఫోన్లు అమ్మకూడదని కెనడా 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి నిబంధన పెట్టాయి. అక్కడ కంపెనీలేమీ మూతపడలేదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇప్పటికైనా కదలాలి. పథకం గడువు తీరిన రోజే పైసా తీసుకోకుండా లాక్ తీసేయాలని కంపెనీలను ఆదేశించాలి. వేరే సిమ్ పనిచేయదన్న సంగతిని డబ్బా మీద ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో, తెలుగు రాష్ట్రాల్లో తెలుగులోనే అచ్చు వేయించాలి.

- ఒక పాఠకుడు, ఖమ్మం