పద్దెనిమిదో రోజు ఒక్కటే చాలునా?

యుద్ధాన్ని స్మరించడం వేరు, యుద్ధాన్ని వినోదంగా చూపడం వేరు. యీ రెండింటినీ ఒకే మూటగా కట్టి, పైన దేశభక్తి అని రాసి జనం చేతిలో పెడుతున్నారని నా ఆరోపణ. 1971 డిసెంబరు యుద్ధం పేరిట జరిగిన ఉత్సవాలలో రెండింటికి నేను స్వయంగా వెళ్ళాను. ఒకటి 2021 ఫిబ్రవరి 18న మా తిరుపతిలో జరిగింది. రెండవది 2022 డిసెంబరు 4న విశాఖపట్నం సముద్రపుటొడ్డున జరిగింది. వెళ్ళినందుకు కొందరు మిత్రులు నన్ను ఆక్షేపించారు. వెళ్ళివచ్చి ప్రశ్నలు వేసినందుకు మరికొందరు ఆక్షేపించారు. రెండు పక్షాలవారికీ సమాధానం చెప్పవలసి వున్నది.

ముందు విషయం చెబుతాను. ఆ యుద్ధానికి యాభయ్యో సంవత్సరం వస్తున్నదని 2020 డిసెంబరు 16న ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం దగ్గర నాలుగు కాగడాలు వెలిగించి నాలుగు దిక్కులకూ పంపించారు. అందులో ఒకటి తిరుపతికి వచ్చింది. ఎందుకంటే ఆ యుద్ధంలో గూర్ఖా దళానికి నాయకత్వం వహించి మహావీరచక్ర పొందిన మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ అప్పట్లో విశ్రాంత జీవితం గడుపుతూ వుండింది యీ వూళ్ళోనే. ముఖ్యమంత్రి ఆయన ఇంటికి వెళ్ళి సత్కరించారు. శౌర్యపతకాలు పొందినవారికి రాష్ట్రప్రభుత్వం ఇచ్చే మొత్తాలను పదింతలు పెంచుతున్నట్టు అప్పుడే ప్రకటించారు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ప్రాణాలొడ్డి పోరాడిన మనిషికి ఆ వూరు చేతులెత్తి నమస్కరించడం ధర్మమే. నా తగాదా ఆ వృద్ధ సైనికునితో కాదు, కాగడాతో అంతకన్నా కాదు. ఆ కాగడా వెలుగు ఎంతమేర పడుతున్నది, ఎక్కడ ఆగిపోతున్నది అన్నదే నా ప్రశ్న.

విశాఖలో జరిగింది దీనికన్నా భారీ వ్యవహారం. 1971 డిసెంబరు 4 రాత్రి మన నౌకాదళపు క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేశాయి. దానికి ఆపరేషన్ ట్రైడెంట్ అని పేరు. ఆ తేదీనే నౌకాదళ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. అంతకు ముందటి రాత్రే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు సమీపంలో మునిగిపోయింది. మన నౌక రాజ్‌పుత్ ముంచిందని మనవారు, లోపలి పేలుడువల్లనో మందుపాతరవల్లనో మునిగిందని వారు చెబుతారు. 1996లో కట్టిన విజయస్మారకం, 2002లో ప్రదర్శనశాలగా మారిన కుర్సురా జలాంతర్గామి ఆ ఒడ్డునే వున్నాయి. 2022లో ఆ ఒడ్డున రాష్ట్రపతి సమక్షంలో విన్యాసాలు జరిగాయి. హెలికాప్టర్ల నుంచి తాళ్ళు పట్టుకొని కమాండోలు దిగారు. విమానాలు చెవులు చిల్లులుపడేట్టు నెత్తిమీదుగా దూసుకుపోయాయి. ఇసుకమీద పేలుళ్ళు జరిగి పొగ లేచింది. చీకటి పడగానే నౌకలన్నీ దీపాలతో వెలిగాయి. చూడడానికి బాగున్నది. జనం చప్పట్లు కొట్టారు, పిల్లలు తండ్రుల భుజాలెక్కి కేరింతలు కొట్టారు.

తిరిగి వచ్చాక నా తరగతిలో, ఆ దృశ్యాలను టెలివిజనులో చూసిన విద్యార్థులను ఒక ప్రశ్న అడిగాను: ఆ యుద్ధం ఎందుకు జరిగింది? పాకిస్తాన్ మీద గెలవడానికి అన్నారు. గెలవడానికి యుద్ధం జరిగిందట! ఇది పిల్లల తప్పు కాదు. కారణాన్ని కోసివేసి దెబ్బను మాత్రం చూపించే స్మారకం వారికి ఇంతకన్నా ఏమి నేర్పుతుంది?

కారణం తెలుగు ఉపాధ్యాయులమైన మనకు చాలా దగ్గరిది. అది మాతృభాష దగ్గర మొదలైంది. 1952 ఫిబ్రవరి 21న, బెంగాలీకి రాజభాషగా స్థానం కోరినందుకు ఢాకాలో విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. 1970 డిసెంబరు ఎన్నికలలో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాలలో 160 అవామీ లీగు గెలిస్తే, సైనిక పాలకులు అధికారం అప్పగించడానికి నిరాకరించారు. 1971 మార్చి 25 రాత్రి ఢాకా విశ్వవిద్యాలయం మీదికి సైన్యం వచ్చి అధ్యాపకులనూ విద్యార్థులనూ కాల్చిచంపింది. కోటిమంది దాకా జనం సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. పాలకులకు బంగాళాఖాతం కనిపించకముందే ఆ జనం కాలినడకన కష్టాలు దాటారు, ముక్తివాహినిగా ఏర్పడి తమ దేశం కోసం తామే పోరాడారు. మన సైన్యం వెళ్ళింది ఆ పోరాటంలోకి.

ఇక్కడ ఒక మనిషిని తలచుకోవాలి. ఆయన మునీర్ చౌధురి, ఢాకా విశ్వవిద్యాలయంలో బెంగాలీ బోధించిన ఆచార్యుడు, నాటకకర్త. భాషోద్యమంలో జైలుకు వెళ్ళినవాడు. ఫిబ్రవరి 21 అమరుల మొదటి వర్ధంతికి తోటి ఖైదీల కోరికమీద ఆయన జైల్లోనే 'కబర్' అనే నాటకం రాశాడు. 1953లో ఢాకా జైల్లో లాంతర్ల వెలుతురులో ఖైదీలే దానిని ఆడారు. చనిపోయినవారు సమాధిలో పడివుండడానికి ఒప్పుకోకపోవడమే ఆ నాటకంలోని ఇతివృత్తం. వర్ధంతి జరపడమంటే అదీ! 1971 డిసెంబరు 14న, లొంగుబాటుకు రెండు రోజుల ముందు, పాక్ సైన్యానికి తోడుపడిన ముఠాలు పేరుపేరునా వెతికి తీసుకుపోయిన బుద్ధిజీవులలో ఆయన ఒకడు. మళ్ళీ తిరిగి రాలేదు. మనబోటి వృత్తిలో వున్నవాడు, మనం చేసే పనే చేసినవాడు. డిసెంబరు 16ను విజయ దినమని చెప్పే కళాశాలల్లో డిసెంబరు 14ను గురించి ఒక్క మాటైనా చెబుతున్న చోట్లు ఎన్ని?

"అదంతా చరిత్ర పాఠం. సైనిక విన్యాసంలో దాన్ని ఎట్లా చూపుతారు? ఒక్క పూటలో ఇంతకన్నా ఏం చెబుతారు?" అని ఒక వాదం వుంది. యుద్ధాన్ని అభినయించడం మా ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెజనానికి కొత్త కాదు. తిరుమల కొండమీద కనుమనాడు పార్వేట జరుగుతుంది. దేవుడే వేటను అభినయిస్తాడు. ధర్మరాజుల గుళ్ళు వున్న వూళ్ళలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. వూరి శక్తిని బట్టి రోజులు కొంచెం అటూ ఇటూ కావచ్చు గాని, లెక్క మాత్రం పద్దెనిమిది రోజులది. జూదం చెబుతారు, ద్రౌపదిని సభకు ఈడ్చడం చెబుతారు, అడవిపాట్లు చెబుతారు. అర్జునుడి వేషగాడు తపస్సుమాను ఎక్కుతాడు. రాయబారం విఫలమవుతుంది. చివరి రోజున గాని బయటి పొలంలో మట్టితో చేసిన దుర్యోధనుడు పడుకోడు, భీముడి గద లేవదు. అంటే పదిహేడు రోజులు కారణం, ఒక్క రోజు వధ. ఆ వధ చూసే రైతుకూలీకి అక్షరం రాకపోవచ్చు. ద్రౌపది జుట్టు ఎందుకు విరబోసుకున్నదని అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతుంది.

ఆ తిరుణాళ్ళు ఆదర్శమని నేను అనడం లేదు. వాటిలో మొక్కుబళ్ళు వున్నాయి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే కులం వుంది. అయినా ఒక సత్యం వాటిలో దాగివుంది: కారణం తెలియని జనం ముందు దెబ్బను అభినయిస్తే అది కథ కాదు, గారడి. పల్లెటూరి భాగవతులు గ్రహించిన యీ చిన్న సంగతిని కోట్లు ఖర్చు పెట్టే ప్రభుత్వాలు గ్రహించలేవా? గ్రహించగలవు. కారణం చెబితే, ఎన్నికల తీర్పును తొక్కివేసిన సైనిక పాలకుల కథ చెప్పాలి. ఒకే మతం, ఒకే భాష అంటూ దేశాన్ని బిగించబోతే అది రెండు ముక్కలైన కథ చెప్పాలి. ఆ పాఠం ఇక్కడి విద్యార్థికి చాలా తొందరగా అర్థమవుతుంది. అందుకే పద్దెనిమిదో రోజు ఒక్కటే చూపుతారు.

పద్దెనిమిదో రోజు తరువాతది కూడా చూపరు. భారతంలో యుద్ధం ముగిశాక స్త్రీపర్వం వున్నది. తిక్కన దానిని విడిచిపెట్టలేదు. గాంధారి రణభూమిలో నిలబడి పడిపోయిన కొడుకులను చూసి ఏడుస్తుంది, కర్ణుణ్ణి చూసీ అభిమన్యుణ్ణి చూసీ కూడా ఏడుస్తుంది. 1971 డిసెంబరు 9న మన యుద్ధనౌక ఖుక్రి దీవు సమీపాన మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు దానితో పోయారు. విశాఖ దగ్గర మునిగిన ఘాజీలో తొంభైమందికి పైగా వున్నారు. వారూ ఎవరో తల్లుల బిడ్డలే. ఒడ్డున దీపాలు వెలిగిన ఆ సముద్రంలోనే వారి ఎముకలున్నాయి. శత్రువు చావుకు కన్నీరు పెట్టడం దేశద్రోహమని అనేవారు ముందు తిక్కన మీద కేసు పెట్టాలి.

ఇక "యువకులకు ఉత్తేజం కలుగుతుంది గదా" అంటారు. ఆ యువకులు నాకు తెలుసు. తెల్లవారుజామున మా కళాశాల మైదానంలో పరుగు తీసేవారు వారే. వానరాని రాయలసీమ పొలం కూడు పెట్టదని తెలిసి సైన్యంలో చేరాలనుకునే రైతుబిడ్డలు. విశాఖలో విన్యాసం జరిగిన 2022లోనే, జూన్ 14న, కేంద్రప్రభుత్వం అగ్నిపథ్ ప్రకటించింది. కొలువు నాలుగేళ్ళు, ఆ తరువాత నూటికి 25 మందికి మించి కొనసాగింపు లేదు, మిగిలినవారికి పింఛను లేదు. జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో ఆగ్రహించిన యువకులు రైలుపెట్టెలు తగలబెట్టారు, పోలీసులు కాల్పులు జరిపారు, ఒక యువకుడు నేలకొరిగాడు. ఆరు నెలలు తిరగకుండానే సముద్రపుటొడ్డున కమాండోలు తాళ్ళు పట్టుకొని దిగారు. సైనికుణ్ణి పూజించడానికి దీపాలు కావాలి గాని, అతని పింఛనుకు ఖజానాలో చోటు లేదా? నిజమైన సైనిక గౌరవం ఏదో చెప్పవలసింది ఆ మైదానంలో పరుగెత్తే కుర్రవాళ్ళు. వారిని ఏ వేదికా పిలవలేదు.

మన మిత్రులకు కూడా ఒక మాట. "పాలకవర్గాల తమాషాకు మనమెందుకు వెళ్ళాలి?" అని కొందరు ఇంట్లో కూర్చుంటారు. వారి అనుమానానికి ఆధారం లేకపోలేదు. ఢాకాలో గెలిచిన ప్రభుత్వమే, నాలుగేళ్ళు నిండకముందే 1975లో అత్యవసర పరిస్థితి విధించింది. 1971లోనే చేసిన మీసా చట్టంతో వేలాదిమందిని, తెలుగు కవులను, రచయితలను జైళ్ళలో వేసింది. బయట సాధించిన విజయాన్ని లోపలి అణచివేతకు పెట్టుబడిగా వాడుకోవడం పాలకులకు తెలిసిన విద్యే. కాని అందుకని 1971ను వారికే వదిలేద్దామా? భాషకోసం, ఓటుకోసం లేచిన ఒక జాతి విముక్తి కథ అది. ఏడవ నౌకాదళాన్ని బంగాళాఖాతంలోకి పంపిన అమెరికా సామ్రాజ్యవాదం చూస్తూవుండగానే గెలిచిన కథ అది. అది మన కథ. మనం వదిలేసిన మైదానంలోనే వారు పందిరి వేశారు. జనం వెళ్ళే చోటికి వెళ్ళకుండా జనానికి ఏమి చెబుతాం?

కనుక అధ్యాపక మిత్రులకు నా ప్రతిపాదన ఇది. వెళ్ళండి, వెళ్ళి చూడండి, సైనికుణ్ణి గౌరవించండి. తరువాత తరగతి గదిలో మిగిలిన పదిహేడు రోజులూ చెప్పండి. ఫిబ్రవరి 21న భాషాదినమంటూ దండలు వేసేటప్పుడు ఢాకా విద్యార్థుల కథ పూర్తిగా చెప్పండి. డిసెంబరు 14న మునీర్ చౌధురి పేరు పలకండి. మా ప్రాంతపు వీధినాటకం వాళ్ళను కళాశాలకు పిలవండి, 'కబర్'ను తెలుగులోకి తెచ్చి ఆడించండి. లాంతర్ల వెలుతురు చాలు. విజయోత్సవానికి గీతం రాసిమ్మని అడిగినప్పుడు కవి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎవరి విజయం, ఎందుకోసం? దానికి జవాబు చెప్పని వేదికకు మన కలం అరువివ్వనక్కరలేదు.