కాగితానికీ ఉట్టి కట్టండి

పిల్లిపిల్ల కాగితాలు చించితే తప్పు పిల్లిపిల్లది కాదు. దాన్ని సాకుతున్న ఆడమనిషిది అసలే కాదు. చిరగకూడని కాగితాన్ని దాని కాళ్ళకు అందేచోట పడేసి పోయినవాళ్ళది. మెత్తగా చెప్తే ఎవరికీ ఎక్కడంలేదు కాబట్టి ఈసారి గట్టిగానే చెప్తున్నాను.

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్ళల్లో కాగితం చిరిగిన పూట జరిగే పంచాయితీ మీకు తెలియనిదేం కాదు. ఎలుకను పట్టిన రోజు అది “మన పిల్లి”. కరెంటు బిల్లు చించిన రోజు “నీ పిల్లి”. “చూసినావా నీ పిల్లి చేసిన పని? దాన్ని మేపేది నువ్వే కదా!” అని మొదలవుతుంది. అక్కడినుంచి మాట మన వంటకు, మన నిద్రకు, మన పుట్టింటికి పాకుతుంది. పిల్లిమీదా ఎలుకమీదా పెట్టి తిట్టడం అని మనకో మాటుంది. దాన్ని పుట్టించిన తల్లి ఏ వంటింటి గడపలో నిలబడి పుట్టించిందో నేను ఊహించగలను.

చివరికి తీర్పు ఒకటే. “గోనెసంచిలో ఏసుకోనిపోయి ఏటి అవతల ఇడిసిపెట్టి రాండి.” ఏరు దాటితే పిల్లికి దారి తెలియదని నమ్మకం. తల్లి దగ్గర లేని రెండు నెలల పిల్లను పెన్న ఇసుకలో కుక్కల మధ్య వదిలేస్తే ఏమవుతుందో ఆ తీర్పు చెప్పినవాళ్ళకూ తెలుసు. కళ్ళతో చూడాల్సిన పని లేదు కాబట్టి ఆ మాట అనడానికి నోరొస్తుంది.

ఇంతకూ చిరిగేది ఏ కాగితాలు? రేషన్ కార్డు, పాసుపుస్తకం జిరాక్సు, డ్వాక్రా పుస్తకం, పిల్లల మార్కుల లిస్టు, బంగారం తాకట్టు రసీదు. పులివెందుల వైపు చీనీకాయలు అమ్మిన చీటీలు, ప్రొద్దుటూరులో అంగడి లెక్కలు. చిరిగితే నష్టమే, కాదనను. ఒక్కోదానికి నకలు తెచ్చుకోవాలంటే ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కాలో నాకూ తెలుసు. మరి ఇంత విలువైనవి ఎక్కడున్నాయి? టీవీ కింద. దిండు కింద. కుర్చీలో విడిచిన చొక్కా జేబులో. క్యాలెండరు మేకుకు గుచ్చి, కొస గాలికి రెపరెపలాడుతూ. ఇంట్లో తాళం వేసే బీరువా ఉంది, అందులో ఒక అర ఈ కాగితాలకు ఇద్దామని ఎవరికీ తోచదు.

మన అవ్వలు పిల్లికి నీతులు చెప్పలేదు. పెరుగుకుండను నట్టింట్లో పెట్టి, పిల్లి మూతి పెట్టినాక చీపురుకట్ట తీసుకోలేదు. దూలానికి ఉట్టి కట్టి పాలూ పెరుగూ వెన్నా దానిమీద పెట్టారు. పిల్లి బుద్ధి మారదు, కుండ చోటు మార్చాలి అని వాళ్ళకు తెలుసు. బడి మొహం చూడని వాళ్ళకు తెలిసిన ఈ సంగతి డిగ్రీలు చదివిన ఇళ్ళకు ఎందుకు తెలియదు? పెరుగుకుండ కాపలా ఆడవాళ్ళ పని కాబట్టి ఉట్టి పుట్టింది. కాగితాలు తెచ్చి పడేసేది ఎక్కువగా మగవాళ్ళు కాబట్టి వాటికి ఉట్టి పుట్టలేదు. నాకు తోచిన కారణం ఇది. మీకు వేరే తోస్తే చెప్పండి.

పిల్లిపిల్లకు కాగితం అంటే ఏమిటో చూడండి. అది వేట నేర్చుకునే వయసు. మన చెవికి 20 వేల హెర్ట్జ్‌ల దగ్గర వినికిడి ఆగిపోతుంది, పిల్లి చెవి 60 వేలు దాటి వింటుంది. మనకు వినబడని ఎలుక కిచకిచలు దానికి వినిపిస్తాయి. అలాంటి చెవికి గాలికి గరగరలాడే కాగితం ఎండుటాకుల్లో ఎలుక కదిలినట్టే. మూడు, నాలుగు నెలలప్పుడు పాలపళ్ళు రాలడం మొదలై ఆరేడు నెలలకు గట్టిపళ్ళు వచ్చేస్తాయి. ఆ మధ్యలో చిగుళ్ళ బాధకు ఏదో ఒకటి కొరకాలి. గోళ్ళతో గీరడం పిల్లికి ఒళ్ళు విరుచుకోవడం, తన వాసన అంటించుకోవడం కూడా. ఇందులో మనమీద కసి ఎక్కడుంది?

పైగా పిల్లలు నిన్నటి పేపరు ఉండచేసి విసిరితే అది దూకి చీల్చినప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వుతారు. మరునాడు దిండు కింది రసీదు లాగితే అదే ఇంటివాళ్ళు కొడతారు. ఏది ఆట కాగితమో ఏది ఆస్తి కాగితమో దానికి చదివి చెప్పేదెవరు?

కొడితే నేర్చుకోదు. గంట కిందట చించినదానికి ఇప్పుడు దెబ్బ వేస్తే, ఆ దెబ్బకూ కాగితానికీ సంబంధం దానికి తెలియదు. మీ చెయ్యి చూస్తే పారిపోవడం మాత్రం నేర్చుకుంటుంది. కారంపొడి చల్లమనేవాళ్ళు ఒకరు, కలరా ఉండలు పెట్టమనేవాళ్ళు ఒకరు. కారం అంటిన పాదాన్ని అది నాకుతుంది, కళ్ళు రుద్దుకుంటుంది. కలరా ఉండలు, కర్పూరం పిల్లికి విషం. ఇవి చిట్కాలు కావు, చేతికి రక్తం అంటకుండా చంపే దారులు.

చెయ్యాల్సింది కొంచెమే. పనికొచ్చే కాగితాలన్నీ మూత గట్టిగా పట్టే డబ్బాలోనో, బీరువాలోనో. పిన్నులు కొట్టిన కాగితాలు, రబ్బరుబ్యాండ్లు, పూలదారం అస్సలు బయట ఉంచకండి. దారం మింగితే పేగులకు చుట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది. గీరుకోవడానికి ఒక పలకకు కొబ్బరితాడు బిగించి చుట్టి, అది నిలబడి ఒళ్ళు సాగదీసేంత ఎత్తున గోడకు ఆనించండి. ఒక ఖాళీ అట్టపెట్టె దాని పేరున రాసివ్వండి. పొద్దు గూకేవేళ పిల్లులకు హుషారు ఎక్కువ. ఆ వేళకు పది నిమిషాలు కర్రకు కట్టిన గుడ్డపేలికతో ఉరికించి, వెంటనే తిండి పెట్టండి. వేటాడి తిన్నట్టే ఉంటుంది దానికి, తిని పడుకుంటుంది. ఆడించినాక ఆ గుడ్డా దారం ఎత్తిపెట్టేయండి. కాగితం నోట కరుచుకుంటే అరవకుండా ఆ గుడ్డ చూపించండి, కాగితం వదిలేస్తుంది.

అమెరికాలో ఉన్న ఆడబిడ్డలు అడిగే బాత్రూం పేపరు చుట్ట సంగతికీ ఇదే ఉట్టి సూత్రం. చుట్ట కొస ముందువైపు వేలాడితే పిల్లి పంజాతో కిందికి లాగినకొద్దీ మొత్తం విడిపోతుంది. కొస గోడవైపు ఉండేట్టు తిప్పి పెడితే ఎంత గీకినా అంత సులభంగా విడిపోదు. బాత్రూం తలుపు మూయడం అన్నిటికంటే మేలు.

“పనీపాటా లేనివాళ్ళు పిల్లితో ఆడుకుంటారు” అంటారు. ఆ పది నిమిషాలు మీరే ఆడించాలని నేను అనలేదు. ఫోను చూసుకుంటూ కూర్చున్న అబ్బాయికి చెయ్యి ఖాళీగానే ఉంది. ఎలుకలు లేని ఇల్లు అందరికీ కావాలి. పిల్లి చాకిరీ మాత్రం ఒక్కరిదెందుకు?

అసలు కాగితానికి శత్రువు ఎవరో మన కడప జిల్లా వాళ్ళకు ఒకరు చెప్పాలా? 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ జీతాలిచ్చి పండితులను, రాయసగాళ్ళను పెట్టుకుని తాళపత్రాలకు నకళ్ళు రాయించాడు. బీఏ తెలుగులో ఆయన గురించి చదివిన ప్రతిసారీ అనుకునేదాన్ని, మనవాళ్ళ పట్టనితనానికి చెదలూ పురుగులూ తోడై ఎన్ని పుస్తకాలు మట్టిలో కలిశాయో అని. ఆ లెక్కలో పిల్లి పేరు నేనెక్కడా వినలేదు. రష్యాలో ఎలిజబెత్ మహారాణి 1745లో రాజభవనానికి ఎలుకలు పట్టే పిల్లులను పంపమని ఉత్తర్వు ఇచ్చింది. ఈనాటికీ అక్కడి హెర్మిటేజ్ మ్యూజియం నేలమాళిగల్లో పిల్లులను సాకుతున్నారు. పిల్లిపిల్ల అందరూ చూస్తుండగా ఒక రసీదు చించుతుంది. దాన్ని ఏరు దాటించినాక వచ్చే ఎలుక బీరువా వెనక చప్పుడు లేకుండా కట్టకు కట్టే కొరికి పొడి చేస్తుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వుతాం. కాగితం చిరిగిందని పిల్లిని పారేసినవాణ్ణి చూసి ఎందుకు నవ్వం?

ఇంకొక్క మాట. ఆకలిదప్పులకు మాడిపోయేలా జంతువును వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఒక పిల్లిపిల్ల ప్రాణానికి చట్టం కట్టిన వెల అంతే. అందుకే చట్టం వచ్చి కాపాడుతుందని కూర్చోకండి, గడప దగ్గర మనమే అడ్డం నిలబడాలి.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా చిరిగిన కాగితం పట్టుకుని “నీ పిల్లి” అని మొదలుపెడితే, వంటింట్లోనుంచి తల వంచుకుని రాకండి. “ఈ కాగితం ఎవరిది? ఎక్కడ పెట్టినారు?” అని ఆ రెండు ప్రశ్నలే అడగండి. జవాబు చెప్పినాక పిల్లి గురించి మాట్లాడదాం.