డ్యూటీలో ఉన్నప్పుడు మీ వెబ్‌సైట్‌ను ఎవరు చూస్తరు?



వారం రోజుల నుంచి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, వెబ్‌సైట్ల పని నేర్చుకుందామనుకుంటున్న. పీహెచ్‌పీనా, పైథానా, నోడా, జావానా? ఏది మంచిది?" ఒక్కొక్కరికి రాసుడు కష్టమైతున్నది, అందుకే అందరికీ కలిపి రాస్తున్న. పోస్ట్ పెద్దగనే ఉంటది. శుక్రవారం బట్టలు ఉతుక్కున్నంక తీరికగ చదవండి.

నా మాట ముందే చెప్తున్న. క్యాంపులో ఉండి, పది పన్నెండు గంటల డ్యూటీ చేసి, రాత్రి ఒక్క గంట దొరికితే నేర్చుకునే మనిషికి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ చాలు. పీహెచ్‌పీ అన్నిటికంటె గొప్పదని కాదు. మన బతుకుకు అది సరిపోతది.

ముందు ఈ పని ఏందో చూద్దాం. మన రూమ్ మెస్ లెక్కనే తీసుకోండి. ఎనిమిది మంది ఉంటం. బియ్యం ఎవరు తెచ్చిన్రు, చికెన్‌కు ఎవరు పెట్టిన్రు, ఎవరు లీవు మీద పోయి పదిహేను రోజులు తినలేదు, అన్నీ నోట్‌బుక్‌లో రాస్తం. నెలాఖరుకు కొట్లాడుకుంటం. దీన్ని వెబ్‌సైట్ చేసినమనుకోండి. లెక్కలు దాచే చోటు డేటాబేస్. ఫోన్‌లో కనబడేది పేజీ. "ఈ నెల నేనెంత ఇయ్యాలె" అని ఎవరన్న నొక్కితే, డేటాబేస్‌ను అడిగి, వచ్చిన లెక్కను పేజీగ తయారుచేసి పంపేదే సర్వర్ మీద నడిచే భాష. ఈ పని పీహెచ్‌పీ చేస్తది, పైథాన్ చేస్తది, జావా చేస్తది, నోడ్ కూడా చేస్తది. అంటే "ఏది చేయగలదు" అన్నది మన ప్రశ్న కానే కాదు.

మన ప్రశ్న వేరే. మనం సైట్ మీద ఉన్నప్పుడు, ఫోన్ లాకర్‌లో ఉన్నప్పుడు, అది ఆగిపోతే ఎవరు లేపుతరు?

పీహెచ్‌పీలో పేజీ అడిగిన ప్రతిసారి ప్రోగ్రామ్ మొదటి నుంచి మొదలైతది, జవాబు ఇచ్చి ముగుస్తది. మనం రాసిన దాంట్లో ఒక తప్పు ఉంటే ఆ ఒక్క పేజీ పాడైతది, మిగతా పేజీలు నడుస్తనే ఉంటయి. నోడ్ అట్ల కాదు. ప్రోగ్రామ్ పొద్దుమాపు నడుస్తనే ఉండాలె. పట్టుకోని ఎర్రర్ ఒక్కటి వచ్చినా మొత్తం సైట్ పడిపోవచ్చు. మళ్లీ లేపే ఏర్పాటు మనమే పెట్టుకోవాలె. పైథాన్‌లో జాంగోతో చేసినా, సర్వర్ మీద దాన్ని నడిపే ఏర్పాటు వేరేగ నేర్చుకోవాలె. ఆఫీసులో కూర్చునేటోళ్లకు ఇది పెద్ద పని కాదు. మనకు పెద్దదే.

రెండోది ఖర్చు. చవక షేర్డ్ హోస్టింగ్‌లో దాదాపు ఎక్కడ చూసినా పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ముందే ఉంటయి. ఫైల్‌ను ఫోల్డర్‌లో వేస్తే పేజీ నడుస్తది. నేర్చుకునేటప్పుడైతే అది కూడా వద్దు. పాత లాప్‌టాప్‌లో ఎక్స్‌ఏఎంపీపీ వేసుకుంటే చాలు, ఫ్రీ. నెట్ లేకున్నా నడుస్తది. క్యాంపు వైఫై సంగతి మీకు నేను చెప్పాల్నా?

"పీహెచ్‌పీ చచ్చిపోయింది అన్నా" అని యూట్యూబ్ చూసి చెప్పేటోళ్లు చాలామంది ఉన్నరు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ దాన్ని బయట పెట్టిండు. వికీపీడియా ఇప్పటికీ దాని మీదనే నడుస్తున్నది. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ దాంట్లో రాసిందే. 2004లో ఫేస్‌బుక్ మొదలైంది కూడా దానితోనే. వంకలు లేవని అంటలేను. ఒక ఫంక్షన్‌లో వెతికేది ముందు రాయాలె, ఇంకోదాంట్లో వెనుక రాయాలె, ఆ గజిబిజి నిజమే. కానీ 2015లో వచ్చిన 7వ వెర్షన్‌తో వేగం బాగా పెరిగింది. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను కూడా అప్పుడే తీసేసిన్రు. అందుకే వీడియో చూసే ముందు ఏ సంవత్సరందో చూడండి. ఆ పాత ఫంక్షన్లతో చెప్పే పాఠమైతే వదిలేయండి.

ఇప్పుడు అసలు మాట. భాష గురించి ఇంత కొట్లాడుతున్నం గానీ, ఉన్న టైమ్‌లో సగం ఎస్‌క్యూఎల్‌కు పెట్టండి. అది 1970లలో ఐబీఎంలో పుట్టింది. అన్ని సంవత్సరాల్లో ఎన్ని భాషలు వచ్చినయో, ఎన్ని పోయినయో. డేటాబేస్‌ను అడిగే తీరు మాత్రం అదే. రేపు మీరు పీహెచ్‌పీ వదిలి జావాకు పోయినా అది మీతోనే వస్తది. మెస్ లెక్కలో మనుషులకు ఒక టేబుల్, ఖర్చులకు ఇంకో టేబుల్ ఎందుకుండాలె, రెంటినీ ఎట్ల కలపాలె అన్నది అర్థమైతే, సగం పని వచ్చినట్టే.

ఇంకొకటి, దీంట్లో అశ్రద్ధ వద్దు. ఫారంలో మనిషి కొట్టిన అక్షరాలను తీస్కపోయి నేరుగ ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకండి. పేరు రాసే డబ్బాలో ఎవడన్న ఎస్‌క్యూఎల్ రాస్తే మీ టేబుల్ మొత్తం చదువుతడు, చెరిపేస్తడు కూడా. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటరు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడితే వాక్యం వేరుగ, విలువ వేరుగ పోతయి, ఆ బాధ ఉండదు. పాస్‌వర్డ్‌లను కూడా ఉన్నదున్నట్టు దాచొద్దు. వాటిని హ్యాష్ చేసే ఫంక్షన్ పీహెచ్‌పీలోనే ఉన్నది. ఏ భాష తీసుకున్నా ఈ రెండు తప్పవు.

నా మాట అందరికీ వర్తించదు. వీసా ముగించుకుని పోయి హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం చూసుకోవాలె, డిగ్రీ ఉన్నది, ఏడాది కూర్చుని చదివే వీలున్నది అంటే జావానో, సీ షార్ప్‌నో పట్టుకోండి. డేటా విశ్లేషణ పని కావాలంటే పైథాన్. చాటింగ్ లాంటి, క్షణక్షణం మారే పేజీలకు నోడ్ బాగుంటది. ఊళ్లో సొంతంగ బతుకుదాం, విత్తనాల దుకాణానికో, స్కూల్‌కో సైట్ చేసిద్దాం అనుకునేటోళ్ల కోసమే నేను రాస్తున్నది.

రెండు జాగ్రత్తలు. ఇక్కడ సౌదీలో అకామా ఒక కఫీల్ మీద ఉండంగ బయటి దుకాణపోళ్లకు సైట్ చేసి పైసలు తీసుకోకండి. దొరికితే జరిమానా, ఆ తర్వాత ఇంటికే. నేర్చుకునుడు వేరు, పని పట్టుడు వేరు. రెండోది, మా పక్క రూమ్ తమ్ముడు ఒకడు "మూడు నెలల్లో ఫుల్ స్టాక్, ఉద్యోగం గ్యారంటీ" అన్న ఆన్‌లైన్ కోర్సుకు రెండు నెలల జీతం కట్టిండు. నాలుగు భాషలు మొదలుపెట్టిన్రు, ఒక్కటీ పూర్తి చేయలేదు. క్లాసులు కూడా డ్యూటీ టైమ్‌లోనే. ఇంటికాడ ఏజెంట్‌కు తెచ్చిన అప్పు ఇంకా తీరకముందే ఇదొక అప్పు. భాష పేరు చెప్పి భయపెట్టేటోళ్లకు పైసలు కట్టకండి. పీహెచ్‌పీ మాన్యువల్ నెట్‌లో ఫ్రీగనే ఉన్నది.

ఒక నెల ఇట్ల చేసి చూడండి. మొదటి రెండు వారాలు ఉత్త ఎస్‌క్యూఎల్. తర్వాతి రెండు వారాలు పీహెచ్‌పీతో మీ మెస్ లెక్క. మీ రూమోళ్లు నోట్‌బుక్ పక్కన పెట్టి దాంట్లోనే లెక్క చూసుకుంటే మీకు పని వచ్చినట్టే. అప్పుడు వేరే భాష సంగతి ఆలోచిద్దాం. మీ రెండు టేబుళ్లు కాగితం మీద గీసి ఫొటో తీసి కింద పెట్టండి. శుక్రవారం శుక్రవారం కూర్చుని చూసి చెప్త.