గడప బయట నిలిచినవారు

కొన్నేళ్ల క్రితం కొల్లేటి లంక గ్రామం నుంచి విశ్వాసులైన తల్లిదండ్రులు తమ కుమారుణ్ణి తణుకులో మా దగ్గరకు తీసుకొచ్చారు. అమ్మాయిల మీద తనకు మనసు పోదని, ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతేనని ఆ యువకుడు తలవంచుకుని చెప్పాడు. మేము ఉపవాసముండి ప్రార్థించాం. ఆ తర్వాత అందరూ చెప్పే మాటే మేమూ చెప్పాం: ‘పెళ్లి చేయండి, అన్నీ సర్దుకుంటాయి’. ఆ పెళ్లి జరిపించిందీ మేమే. ఏదీ సర్దుకోలేదు. రెండేళ్లు తిరగకుండానే ఆ అమ్మాయి పుట్టింటికి చేరింది. యువకుడు ఊరు విడిచి వెళ్లాడు, మందిరం గడప మళ్లీ తొక్కలేదు. ఆ ఇద్దరి కన్నీళ్లకూ దేవుని యెదుట మేమూ లెక్క చెప్పాలి.

స్వలింగ సంపర్కుల మాట వస్తే ‘అది పాశ్చాత్య దేశాల గొడవ, మనకెందుకు’ అని తోసిపుచ్చడం మనకు అలవాటు. కానీ వారు మన మధ్యే ఉన్నారు. ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడం మాత్రం చట్టసభల పనేనని 2023 అక్టోబర్ 17న తేల్చింది. ఆ కేసులో ప్రధాన పిటిషనర్లు హైదరాబాద్‌లో కాపురముంటున్న జంటే.

మనకు సువార్త అందించిన సంఘాల్లోనూ ఈ ప్రశ్న రగులుతోంది. 1842లో గుంటూరుకు ఫాదర్ హయ్యర్‌ను పంపిన అమెరికా లూథరన్ల వారసత్వ సంఘం, స్వలింగ బంధంలో నమ్మకంగా జీవించేవారు కాపరులుగా ఉండవచ్చని 2009 ఆగస్టులో తీర్మానించింది. ఇంగ్లండు సంఘం 2023లో అలాంటి జంటల కోసం ఆశీర్వాద ప్రార్థనలను అనుమతించింది, వివాహాన్ని మాత్రం అనుమతించలేదు. మన దేశంలోనూ జాతీయ క్రైస్తవ సంఘాల సమాఖ్య సదస్సులు జరిపింది, పుస్తకాలు వేసింది.

ఈ జంటలను సమర్థించే కాపరులు బైబిలును పక్కన పెట్టినవారని మనం అనుకుంటాం. అది న్యాయం కాదు. లేవీయకాండంలోను, రోమా పత్రిక మొదటి అధ్యాయంలోను ఖండించినది విగ్రహారాధనతో, కామంతో ముడిపడిన క్రియలనే గాని, ఒకరికొకరు నమ్మకంగా ఉండే బంధాన్ని కాదని వారి వాదన. ఈ వాదనతో మేము ఏకీభవించలేకపోతున్నాం. ఆదికాండం రెండో అధ్యాయాన్ని, మత్తయి 19లో ప్రభువు దాన్ని గుర్తుచేసిన తీరును చదివినప్పుడు వివాహం స్త్రీ పురుషుల మధ్య నిబంధన అనే మాకు అర్థమవుతోంది. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. గడప బయట నిలిచినవారి ఏడుపు మనకంటే ముందు విన్నది ఆ కాపరులే.

అపొస్తలుల కార్యములు 8లోని ఐతియొపీయుణ్ణి తలచుకోండి. యెరూషలేముకు అంత దూరం ఆరాధించడానికి వెళ్లాడు. కానీ ద్వితీయోపదేశకాండం 23 ప్రకారం నపుంసకునికి దేవుని సమాజంలో చోటు లేదు. అలాంటివారికి తన మందిరంలోనే మంచి పేరు ఇస్తానన్న దేవుని వాగ్దానం యెషయా 56లో ఉంది. ఫిలిప్పు అతని రథమెక్కి పక్కన కూర్చున్నాడు, అతడు చదువుతున్నది వివరించాడు, నీళ్లు కనబడగానే బాప్తిస్మమిచ్చాడు. నపుంసకుని సంగతి, నేటి యువకుని సంగతి ఒకటే అని మేమనడం లేదు. కానీ ఫిలిప్పు ముందు పక్కన కూర్చున్నాడన్నది మరువకూడదు.

ఇంకో మాట. కట్నం తీసుకోవడం 1961 నుంచి చట్టరీత్యా నేరం. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా మన సంఘాల్లో కట్నం లేని పెళ్లిళ్లెన్ని? లక్షలు పుచ్చుకున్న పెళ్లికొడుకుని వేదిక మీద దీవించి, ఎవరికీ అన్యాయం చేయని ఒక బిడ్డను వేదిక మీద నుంచే హేళన చేస్తే ప్రభువు మెచ్చుతాడా?

కాబట్టి తోటి కాపరులకు మా మనవి. పెళ్లిని మందుగా సూచించకండి. అది మరో ఇంటి ఆడపిల్ల బతుకుతో ఆడుకోవడం. దయ్యం పట్టిందని కొట్టించకండి. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని మానసిక వైద్యులు చెబుతున్నారు. దాన్ని మారుస్తామనే చికిత్సలు చేయడం వైద్యులకే తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. మనల్ని నమ్మి చెప్పిన రహస్యాన్ని పెద్దల కమిటీ ముందు పెట్టకండి. తల్లిదండ్రులారా, బిడ్డను ఇంట్లోంచి వెళ్లగొట్టకండి. వివాహం గూర్చిన సిద్ధాంతాన్ని సంఘాలు ఇంకా చర్చించుకుంటాయి, అది జరగవలసిందే. ఆ చర్చ తెగేదాకా ఒక ఆత్మను వాకిట్లో నిలబెట్టే అధికారం మాత్రం మనకెవరూ ఇవ్వలేదు.

ఆ యువకుని తల్లి ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కు మందిరంలో తన పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతుంది. అతడు వచ్చిన రోజున మేము మొదట అడగవలసింది ప్రశ్న కాదు, క్షమాపణ.