పొయ్యి దగ్గరికి రానివ్వని ప్రేమ

మా పెద్దమ్మకు 74 ఏళ్లు. ఆవిడ కొడుకు, మాకందరికీ అన్నయ్య, 46 ఏళ్లవాడు. అతనికి స్కిజోఫ్రెనియా మొదలై రెండు దశాబ్దాలు దాటింది. ఇన్నేళ్లుగా మాత్రలు అతని అరచేతిలో పెట్టేదీ, స్నానానికి నీళ్లు తోడేదీ, కట్టుకోవలసిన బట్టలు మంచం మీద పెట్టేదీ పెద్దమ్మే. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వదు. నిరుడు ఆవిడ తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరినప్పుడు, రెండు రోజులపాటు అన్నయ్య సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. వెళ్లి చూస్తే మాత్రల పెట్టె మూతైనా తీయలేదు. ఇంట్లో బియ్యం, పప్పు, గ్యాసు అన్నీ ఉన్నాయి. అతను అరటిపళ్లు తిని కూర్చున్నాడు.

నేను వైద్యుణ్ణి కాను. ఆ రోజు కలిగిన అభిప్రాయం పెద్దమ్మ ఎదుట అనలేక ఇక్కడ రాస్తున్నాను. అతని చేతకానితనంలో వ్యాధి వాటా కొంతే. మిగిలింది మా ప్రేమ చేసిన పని.

ఈ వ్యాధి గురించి మనలో చాలామందికి తెలిసింది సగమే. లేని మాటలు వినబడటం, అకారణమైన అనుమానాలు - వీటిని మందులు చాలావరకు అదుపు చేస్తాయి. పనికి పూనుకునే ఉత్సాహం సన్నగిల్లటం, ఏది ముందో ఏది వెనుకో మనసులో నిలవకపోవటం మందులకు అంతగా లొంగవు. లోకం దాన్ని బద్ధకమంటుంది. (మేమూ అన్నాం.) పైగా, నిత్యం ఎత్తిపొడుపులుండే ఇళ్లలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువని పరిశోధకులు ఏనాడో గమనించారు.

టీ కాయటం మనకు ఒక పని. అతనికి పది పనులు: గిన్నె తీయటం, నీళ్లు కొలవటం, పొయ్యి వెలిగించటం... చివరికి గ్యాసు కట్టేయటం. మొదటి వారం ఆ కట్టేయటం ఒక్కటే అతని వంతు. అది అలవాటయ్యాక దానికి ముందున్న పని. మనం పక్కనే నిలబడాలి, చేయి పెట్టకూడదు. ఈ రెండవది ఎంత కష్టమో చేసి చూస్తే గాని తెలియదు! ఆసుపత్రి శిక్షణ గదిలో నేర్చినది ఇంటిదాకా రాకపోవచ్చు గనుక, ఏ వంటింట్లో బతకాలో ఆ వంటింట్లోనే నేర్వాలి. మాత్రలకు ఏడు అరల డబ్బా కొన్నాం. ఈ రోజు వేసుకున్నాడో లేదో అర చూసి అతనే తెలుసుకుంటాడు.

"కాల్చుకుంటే ఎవరిదిరా పూచీ?" అంటుంది పెద్దమ్మ. న్యాయమైన ప్రశ్నే. రెండు గిన్నెలు మాడాయి, పాలు పొంగాయి. మనమంతా గిన్నెలు మాడ్చే కదా నేర్చుకున్నది? ఆవిడ తర్వాత ఎవరన్న ప్రశ్నకు పూచీ అంతకంటే పెద్దది.

స్వతంత్రంగా బతకటమంటే ఒంటరిగా బతకటమని నేననను. చెన్నైలోని ద బానియన్ సంస్థ 2015లో 'హోం ఎగైన్' మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయిన స్త్రీలు కొందరు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు. తోడుగా సహాయకులుంటారు. సరుకులు తెచ్చుకోవటం, వండుకోవటం, ఇరుగుపొరుగుతో మాట్లాడటం వారి పనులే. ఇంటివారు లేరనో, రానివ్వరనో, బయట వసతి లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. మా ఊళ్లో అలాంటి ఇల్లొకటి ఉందేమోనని విచారించాను. లేదు. అందుకే పెద్దమ్మ ఉండగానే ఈ తొందర.

పోయిన నెల వెళ్లినప్పుడు అన్నయ్య టీ కాచి ఇచ్చాడు. పంచదార వేయటం మరిచాడు. చేతికర్ర అందుకుని పెద్దమ్మ లేవబోయింది. నేను ఆవిడ చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. అతను మా ఇద్దరి ముఖాలూ చూసి, కాసేపు ఆలోచించి, వంటింట్లోకి వెళ్లి పంచదార డబ్బా తెచ్చాడు. చెంచా తేలేదు. మేమూ అడగలేదు.